దారం మారిన పొట్టేలు

మా డాక్టరు గారు పోయిన తర్వాత ఆయన శిష్యులు ఒక పుస్తకం వేశారు. ఆయన చేసిన పరిశోధనలు, రాసిన వ్యాసాలు, ఆయనతో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలు అన్నీ అందులో ఉన్నాయి. నావీ రెండు పేజీలున్నాయి. ఆయన నాకు గొర్రె మెడలో నరం పట్టుకోవడం ఎలా నేర్పారో, బస్సు కోసం కూర్చున్నప్పుడు తెచ్చుకున్న రొట్టె ఎలా సగం విరిచి ఇచ్చేవారో రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అదే పుస్తకంలో ఇంకోచోట, గొర్రెల మూతివాపు జబ్బు మీద ఆయన చేసిన తొలి పని "నమూనాల సేకరణలో దొర్లిన లోపాల వల్ల నిలవలేదు" అని ఒక వాక్యం ఉంది. చదివినవాళ్లు ఆయన్ని అజాగ్రత్త మనిషి అనుకుంటారు. నమూనాలు సేకరించింది ఆయన కాదు, నేను. పైగా లోపం దొర్లలేదు. దొర్లడమంటే ఎవరికీ తెలియకుండా జరిగిపోవడం. నాకు తెలుసు.

మాది ధర్మవరం. ఇంటిల్లిపాదీ పట్టు మగ్గం మీదే బతికేవాళ్లం. ఇంటర్ పాసయ్యాక మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడానికి మనసొప్పక, అనంతపురంలో పశువుల జబ్బుల ల్యాబ్ ఒకటి ఉంటే అందులో తాత్కాలిక ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను. అది డెబ్బయ్యవ దశకం నడుమ. ల్యాబ్ అంటే రెండు గదులు, కిరసనాయిలుతో నడిచే ఒక ఫ్రిజ్, సగం రోజులు డీజిల్ లేని ఒక జీపు. దానికి పెద్ద మా డాక్టరు గారు. పశువైద్యం చదివి, పై చదువుల్లో వైరస్‌ల మీద పనిచేసి వచ్చారు. పెద్ద ఊళ్లలో ఉద్యోగాలు వస్తామన్నా పోలేదు. వాళ్లది శింగనమల వైపు భూములున్న కుటుంబం, అన్నగారు రాజకీయాల్లో తిరిగేవాడు. ఒకసారి బస్సులో తెలిసినవాడొకడు ఎగతాళి చేశాడు.

"ఏమప్పా డాక్టరూ, మీ యన్న మనుషుల్ని ఓట్లడుగుతాంటే నువ్వు గొర్లను రక్తమడుగుతాండావే."

"గొర్రె ఇస్తాననదు, ఎగ్గొట్టనూ ఎగ్గొట్టదు అన్నా. అందుకే ఈ పక్కకొచ్చినా" అన్నారు డాక్టరు గారు. బస్సంతా నవ్వింది.

మా దగ్గర వాన రాకపోతే జీవాలకు మేత ఉండదు. వస్తే మూతివాపు. గుంతల్లో నీళ్లు నిలిచాక కంటికి సరిగా ఆనని సన్న దోమలు పుడతాయి. అవి కుట్టిన గొర్రెకు జ్వరం వస్తుంది, మూతి ఉబ్బుతుంది, నాలుక నీలంగా మారుతుంది, కుంటుతుంది, మేత ముట్టదు. కొన్ని చస్తాయి, కొన్ని బతుకుతాయి. బతికినదాని రక్తంలో ఆ వైరస్‌ను గుర్తుపట్టి ఎదిరించే గుణం మిగిలిపోతుంది, మళ్లీ అదే జబ్బు రాదు. పుస్తకాల్లో ఉన్నది అది. కానీ ఇక్కడ గొర్రెలకాపరులు నిరుడు జబ్బుపడి లేచిన గొర్రె ఈ ఏడు మళ్లీ పడిందని చెప్పేవాళ్లు. మామూలు డాక్టర్లు నమ్మేవాళ్లు కాదు. మా డాక్టరు గారు నమ్మారు. ఈ నేల మీద తిరిగే వైరస్ ఒక్క రకం కాదు, కనీసం రెండు రకాలుండాలి, ఒకదాన్ని ఎదిరించిన గొర్రె రెండోదానికి లొంగుతోంది అన్నది ఆయన ఊహ. అదే నిజమైతే ఒక్క రకానికి తయారుచేసే టీకా ఇక్కడ పనికిరాదు. ఆ సంగతి నిరూపించాలని ఆయన పట్టుదల.

నిరూపించాలంటే ఒకే గొర్రె రక్తం రెండేళ్లూ తీయాలి. ఆ గొర్రెను గుర్తుపట్టాలి. చెవులకు వేసే ఇత్తడి బిళ్లల కోసం పైకి రాశాం, రాలేదు. చెవి కోసి గుర్తు పెడదామంటే ప్రతి మందకూ యజమాని కోసిన గుర్తు ముందే ఉంటుంది. అప్పుడు నేను చెప్పాను, మా ఇంట్లో పట్టు దారం తుంపులు ఊరికే పడుంటాయి, రంగు మారదు, వానకు కుళ్లదు, చెవి కుట్టి కట్టేద్దామని. ఒక్కో ప్రాంతానికి ఒక్కో రంగు. గొర్రె నంబరు ఎంతో దారానికి అన్ని ముళ్లు వేస్తాం. పామిడి వైపు మందలకు నీలం వచ్చింది. డాక్టరు గారికి ఎంత సంతోషమైందంటే, తనిఖీకి వచ్చిన పై అధికారులకు గొర్రె చెవి పట్టుకుని చూపించి "ఇది మా నేతగాని బుర్ర" అనేవారు. అప్పటిదాకా నా బుర్రను ఎవరూ ఎవరికీ చూపించలేదు.

పామిడికి నాలుగు మైళ్ల దూరంలో, పెన్న ఒడ్డున ఒక రొప్పం ఉండేది. రొప్పమంటే చుట్టూ ముళ్లకంప వేసిన గొర్రెల దొడ్డి. దాన్ని చూసుకునేది ఒక పెద్దామె. మొదటిసారి దారాలు కట్టడానికి పోయినప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏమబ్బా, నా పెండ్లికే పట్టు కట్టలేదు మా నాయన. నువ్వు గొర్లకు కట్టేకి వచ్చినావే. బాసింగాలు గూడా తెచ్చినావా?"

ఆ ఏడు మూతివాపు గట్టిగా వచ్చింది. జబ్బుపడి లేచిన జీవాలకు దారాలు కట్టి రక్తం తీసుకుపోయాం. పరీక్షలో ఒక రకం వైరస్ గుర్తులు తేలాయి. మరుసటేడు వానల తర్వాత మళ్లీ వచ్చింది. దారం కట్టినవాటిలో ఆరు మళ్లీ జబ్బుపడి మళ్లీ లేచాయని కబురు వచ్చింది. ఆ ఆరూ డాక్టరు గారికి ప్రాణం. వాటి రక్తంలో పాత రకం గుర్తు, కొత్త రకం గుర్తు రెండూ దొరికితే ఆయన ఊహ నిజమైనట్టే. ఆరింట్లో ఒకటి పెద్దామె రొప్పంలోని పొట్టేలు. నీలం దారం, ఐదు ముళ్లు.

జీపు లేదు. నేనొక్కణ్ణే ఐసు ఫ్లాస్కు భుజాన వేసుకుని బస్సులో పోయి, అక్కణ్ణుంచి నడిచాను. మిట్టమధ్యాహ్నం. నీలం దారమున్న పొట్టేలును పట్టుకుని, మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ముళ్లు లెక్కపెట్టాను. ఐదు. మెడ మీద ఉన్ని కత్తిరించి రక్తం తీశాను. సీసా మూత పెట్టాక, దారం కొస వేలాడుతుంటే కత్తిరిద్దామని పట్టుకున్నాను. అప్పుడు వేలికి తెలిసింది. ముడి నాది కాదు.

పాత పడుగుకు కొత్త పడుగు పోగు పోగునా అతికే ఇంట్లో పుట్టినవాడికి తన ముడి తెలుస్తుంది. మా ముడి చదునుగా పడుకుంటుంది. ఇది మేకను గుంజకు కట్టినట్టు బొడిపెగా ఉంది.

"పెద్దమ్మా, ఈ దారం ఎవరన్నా ముట్టుకున్నారా?"

"నేనే మార్చినా నాయినా" అంది ఆమె, అదొక ఉపకారమన్నట్టు. "మీ పొట్టేలు ఇది కాదు. అదో, ఆ కంప పక్కన పండుకోనుండాది సూడు, పసుపు పూసినేది. జబ్బుకు మంద పోతాంటే దాన్ని దేవునికి ఇడిసినాం. దేవుని జీవం మింద ఇంగొకరి దారం ఉండగూడదు గదా. అందుకే తీసి దీనికేసినా. నీ లెక్క తప్పగూడదని దబ్బనంతో చెవి కుట్టి అయిదు ముళ్లూ అట్లే ఏసినా."

"దీనికెందుకు ఏసినావు? తీసి పక్కన పెట్టింటే సరిపోయేది కదా."

"మీ సారొచ్చి నా దారం యాడబాయ అంటే ఏం జెప్పేది? సర్కారు సొమ్ము. ఇదీ మొన్న జబ్బుపడి లేసిందే లే."

"ఇది నిరుడు కూడా పడిందా?"

"నిరుడు ఇది మా మందలో యాడుండాది? గోరంట్ల పక్క కొనుక్కోనొచ్చినాం, వానలకు ముందర."

పసుపు పూసిన పొట్టేలు రక్తం ఒక్క సీసా తీసుకుంటానని అడిగాను. ఆమె నవ్వింది.

"దేవుని కంటే ముందు నువ్వు రక్తం తీసుకుంటావా? ఎంగిలిది ఆయప్పకు పెట్టమంటావా? పో నాయినా, పో. మజ్జిగ తాగి పో."

మజ్జిగ తాగాను. సంచిలోంచి రికార్డు పుస్తకం తీసి, ఆ పొట్టేలు నంబరున్న గడిలో ఒక్క మాట రాయాలి, దారం మారింది, రక్తం వేరే జీవానిది అని. రాయలేదు. "నీలం, ఐదు" అని రాశాను. ఎందుకలా రాశానో ఈ ఇన్నేళ్లలో నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. ఐసు కరిగిపోతోందనీ, బస్సు తప్పిపోతుందనీ, అదీ జబ్బుపడిందే కదా ఏం తేడా వస్తుందనీ. తేడా ఏమిటో నాకు తెలుసు, రెండేళ్లుగా డాక్టరు గారి పక్కన కూర్చుని వింటున్నవాణ్ణి. నా దారం ఓడిపోయిందని ఆయనకు చెప్పాల్సి వస్తుందనే రాయలేదా? అదే కారణమని ఒక్కోసారి ఖాయంగా అనిపిస్తుంది. ఒక్కోసారి అంత దూరం ఆలోచించానని కూడా అనిపించదు.

నమూనాలు వేరే రాష్ట్రంలోని పెద్ద ల్యాబ్‌కు పోయి, ఫలితాలు రావడానికి నెలలు పట్టింది. వచ్చిన రోజు డాక్టరు గారు కాగితాలు బల్ల మీద పరిచి నన్ను పిలిచారు. ఐదింటిలో రెండు రకాల గుర్తులూ ఉన్నాయి. ఆరోదానిలో కొత్త రకం మాత్రమే ఉంది. నిరుడు దాని రక్తంలో బ్రహ్మాండంగా కనిపించిన పాత రకం గుర్తు ఆనవాలు లేదు.

"నీలం అయిదు మనకు తిరకాసు పెట్టిందే" అన్నారు. "నువ్వు ముళ్లు లెక్కబెట్టే తీసినావు గదా?"

"లెక్కబెట్టే తీసినా సార్. ఐదు."

ఆయన నా మొహం వైపు చూడనైనా లేదు. తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. రెండోసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు అది కూడా నమ్మకం లేదు.

"దాన్ని వదిలేద్దాం సార్. ఐదున్నాయి కదా" అన్నాను.

"బాగలేనిదాన్ని దొడ్లో నుంచి తరిమేసి, చూడప్పా నా మంద ఎంత బాగుందో అంటే ఎట్ల? అదీ ఉండాలిలే."

అలాగే ఆరింటినీ పెట్టి ఒక సైన్సు పత్రికకు వ్యాసం పంపారు. అది తిరిగొచ్చింది. ఒక ఏడాదిలో అలా గుర్తు మాయం కావడం జరగదు, సీసాలు కలిసిపోయి ఉంటాయి, ఒకటి కలిస్తే మిగతా ఐదింటినీ ఎలా నమ్మాలి అని రాశారు. ఒక సభలో ఆయన ఈ సంగతి చెబితే, పెద్ద శాస్త్రవేత్త ఒకాయన లేచి ముందు సీసాల మీద చీటీలు సరిగ్గా అంటించడం నేర్చుకోండని అన్నాడట. అందరూ నవ్వారట. ఊరికి తిరిగొచ్చి డాక్టరు గారు నన్ను ఒకటే అడిగారు.

"మన సీసాలు కలిసిపోయుంటాయా?"

"లేదు సార్. కలవలేదు."

అది నిజం. సీసాలు ఎప్పుడూ కలవలేదు. ఆ నిజం చెప్పి నేను ఆయన్ని ఇంకా లోతుకు తోశాను. ఎందుకంటే నా మాట నమ్మారు కాబట్టే, పొట్టేలు అదే అయినప్పుడు దాని రక్తంలోని గుర్తు నిజంగానే పోయిందని తీర్మానించుకున్నారు. ఎందుకు పోయి ఉంటుంది? ఆ రెండేళ్ల మధ్య వేసవిలో మేత లేక మందలన్నీ ఎముకల గూళ్లయ్యాయి. ఆకలితో చిక్కిన జీవం ఆ గుణాన్ని నిలుపుకోలేదేమో అనుకున్నారు. రెండు రకాల వైరస్ సంగతి పక్కన పెట్టి ఆ ప్రశ్న వెంట పడ్డారు. ఒక రోజు కాదు, ఒక ఏడు కాదు. ఎనిమిదేళ్లు. మంచి వయసంతా.

ఆ ఎనిమిదేళ్లూ నేను ఆయన వెంటే ఉన్నాను. బక్క గొర్రెలను తూచాం, మేపిన గొర్రెలను తూచాం, రెండింటి రక్తమూ తీశాం. ప్రతి దారం దగ్గరా ఇది నా ముడేనా అని తడిమి చూసేవాణ్ణి. అనుమానమొస్తే ఆ గొర్రెను వదిలేసి, ఎందుకు వదిలానో పుస్తకంలో రాసేవాణ్ణి. ఇంత జాగ్రత్తపరుడు ఇంకెక్కడా లేడని డాక్టరు గారు నన్ను మెచ్చుకున్నారు, పర్మనెంటు చేయమని పైకి రాశారు. ఫలితాలు మాత్రం ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు వచ్చేవి. ఆ పని మీద చిన్న వ్యాసాలు కొన్ని అచ్చయ్యాయి. ఆయన దగ్గర ఒక అమ్మాయి అదే అంశం మీద డాక్టరేటు చేసింది. ఇదిలా ఉండగానే, ఎనభైల్లో, వేరే చోట వేరేవాళ్లు మన దేశంలో తిరిగే మూతివాపు వైరస్ ఒక్క రకం కాదని తేల్చి ప్రకటించారు. ఆ పత్రిక ల్యాబ్‌కు వచ్చింది. డాక్టరు గారు నిలబడే చదివారు.

"మనం జెప్పింది తప్పు గాదప్పా" అన్నారు. తర్వాత తక్కెడ దగ్గరికి పోయి, ఆ రోజు గొర్రెల బరువులు రాసుకున్నారు. ఆ వ్యాసంలో ఆయన పేరు లేదు. ఉండే వీలు లేదు, రెండు రకాల మీద ఆయన రాసింది ఎక్కడా అచ్చు కాలేదు.

ఆయన రిటైరై శింగనమల దగ్గర సొంతూరికి పోయిన ఏడాదికి నేను చెప్పాను. ఆదివారం పూట బస్సెక్కి పోయి, వసారాలో ఆయన ఎదురుగా కూర్చుని, పెద్దామె చెప్పినదంతా ఒక్క మాట వదలకుండా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన ప్రశ్నలు వేశారు.

"ఆ రెండో పొట్టేలు యాడిది?"

"గోరంట్ల పక్క నుంచి తెచ్చింది సార్. మొదటి జబ్బు నాటికి ఆ మందలో లేదు."

"అయితే దానికి పాత రకం ఉండే పనే లేదు." మళ్లీ అడిగారు. "ఇంగెన్ని మందల్లో మార్చినారు దారాలు?"

"తెలీదు సార్."

"అడగలేదా? ఆ ఏడు దేవునికి ఇడవని మంద ఉండాదా ఈ జిల్లాలో?"

"అడగలేదు సార్." అడిగితే ఏం తెలుస్తుందోనని భయపడ్డానని అనలేకపోయాను.

ఆయన కుర్చీలోంచి లేచారు, మళ్లీ కూర్చున్నారు. "ఎనిమిదేండ్లప్పా" అన్నారు. గొంతు పెరగలేదు. లోపలి నుంచి మా ఇద్దరికీ కాఫీ వచ్చింది. తాగాం. ఆ తర్వాత ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ ఉన్నవున్నట్టు గుర్తున్నాయి.

"దీన్ని కాగితం మింద రాసి సంతకం పెట్టియ్యి. పత్రికోళ్లకు పంపుతా. నేను జెబితే సాకంటారు. నువ్వు రాస్తే సాక్ష్యం."

వచ్చే ఆదివారం తెస్తానన్నాను. అప్పటికప్పుడు అక్కడే రాయొచ్చు, ఆయన బల్ల మీద కాగితాలున్నాయి. పర్మనెంటై అప్పటికి ఏడాది కూడా కాలేదు. రికార్డు తప్పు రాశానని నా చేత్తో రాసిస్తే ఉద్యోగం ఏమవుతుందో అని బస్సులో కూర్చున్నాక భయం మొదలైంది. వచ్చే ఆదివారం పోలేదు. ఆ పైవారమూ పోలేదు. ఆయన ఒక కార్డు రాశారు, కాగితం ఎంతవరకు వచ్చిందని. జవాబు రాయలేదు. ఆ ఎండాకాలంలోనే గుండె ఆగి పోయారు. వాళ్ల ఊరికి పోయి నలుగురిలో నిలబడి వచ్చాను.

పుస్తకం చేతికొచ్చి ఆ వాక్యం చూశాక, డాక్టరేటు చేసిన ఆ అమ్మాయి దగ్గరికి పోయాను. ఇప్పుడామె పెద్ద ఉద్యోగంలో ఉంది, పుస్తకం చేయించింది ఆమే. నేను రాసుకెళ్లిన కాగితం రెండుసార్లు చదివింది.

"పుస్తకంలో ఆ వాక్యం తప్పే అన్నా. సార్ తప్పు లేదని తేలుతుంది. మిగతా ఐదింటి దారాలు మారినా మారకపోయినా, వాటిలో రెండు రకాలూ ఉన్న మాట నిజమే కదా. అంటే ఇక్కడ రెండు రకాలున్న సంగతి అందరికంటే ముందు చూసింది సారే."

"మరింకేమమ్మా, అచ్చెయ్యండి."

ఆమె కాగితం మడిచి మళ్లీ విప్పింది. "అచ్చేస్తే ఆకలి పని మాటేమి అన్నా? అది మొదలైందే ఆ పొట్టేలుతో. సార్ పేరు ఎవరైనా ఈ రోజు తలుచుకుంటున్నారంటే ఆ పనితోనే. నా థీసిస్ సంగతి వదిలెయ్యి."

"ఆ పని తప్పా?"

"తప్పని ఎట్లంటాను? చిక్కిన గొర్రెల్లో టీకా సరిగా పట్టకపోవడం మేమూ కొన్నిచోట్ల చూసినాం. అందుకే టీకాకు ముందు బాగా మేపమని చెబుతాం. కాపరులు ఇంటాండారు కూడా. కానీ సార్ చెప్పిన కారణం అదేనా, కాదా, నాకిప్పటికీ తెలీదు."

"మరి నేనేం చెయ్యాల?"

"నాకు తెలిస్తే చెప్పనా అన్నా" అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

ఇంటికొచ్చి చాలా రోజులు ఆలోచించాను. ఈ కాగితం బయట పెడితే ఆయనకు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టవుతుందా? పెట్టకపోతే చీటీలు అంటించడం రాని మనిషిగా మిగిలిపోతారు. తప్పుడు పొట్టేలు వెంట పోయి ఆయన దేన్నో సరిగ్గానే పట్టుకున్నారా? అలాగైతే నేను చేసిన పని ఏమైనట్టు? ఇందులో ఏ ప్రశ్నకూ నాకు జవాబు లేదు. అంత చదువు నాకు లేదు. ఉన్నామెకే తెలియలేదు. కానీ ఆయన నన్ను అడిగింది జవాబు కాదు. జరిగింది రాసి సంతకం పెట్టమన్నారు, అంతే. తన ఎనిమిదేళ్ల పని ఏమవుతుందో ఆ నిమిషంలో నాకంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసే అడిగారు.

కనుక ఆయన అడిగినట్టే రాస్తున్నాను. ఆ రెండో ఏడు, పెన్న ఒడ్డు రొప్పం నుంచి నీలం దారం ఐదు ముళ్ల పొట్టేలుదని నేను తెచ్చిన రక్తం ఆ పొట్టేలుది కాదు. ఆ సంగతి నాకు రక్తం తీసిన చోటే తెలిసింది. రికార్డులో రాయలేదు. అడిగినప్పుడు చెప్పలేదు. ల్యాబ్‌లో సీసాలు కలవలేదు, చీటీలు తప్పలేదు. ఆయన రిటైరయ్యాక నేను చెప్పేదాకా డాక్టరు గారికి ఇదేమీ తెలియదు. మిగతా ఐదింటి దారాలు ఎవరైనా మార్చారో లేదో నేను ఏ మందలోనూ అడగలేదు, కాబట్టి చెప్పలేను.